రిపోర్టు ఎవరు చదవాలి?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ధింసా అయిపోయాక ప్రసంగం వినడం ఎంత కష్టమో నాకు తెలుసు. పెద్దలు నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. నేను రిపోర్టుల గురించి మాట్లాడతాను. నవ్వకండి, అదీ చదువే.

నేను బాలికల వసతి గృహంలో వార్డెన్‌ని. రోజూ రాత్రి పైకి రిపోర్టు పంపాలి. హాజరు ఎంత, బియ్యం ఎంత, పప్పు ఎంత, గుడ్లు ఎన్ని, జ్వరాలు ఎన్ని. మొదట్లో ఆ జ్వరాల గడిలో 'నిల్' అని రాసేదాన్ని. జ్వరాలు లేక కాదు. నిజం రాసిన ఇంకో హాస్టల్ మేడమ్‌కి మర్నాడే ఫోన్ వచ్చింది, "మీ దగ్గరే ఎందుకు వస్తున్నాయి?" అని. మందులు రాలేదు, ఫోన్ మాత్రం వచ్చింది. అది చూసి మేమంతా తెలివి తెచ్చుకున్నాం. నిజం చెప్పినవాళ్లను తిడితే అబద్ధం రాయడం నేర్పినట్టే. అయినా రాసిన చెయ్యి నాదే.

ఒక వానాకాలం ముగ్గురు పిల్లలకు చలిజ్వరం వచ్చింది. రెండు రోజుల్లో తగ్గుతుందిలే అనుకుని నిల్ రాశాను. వారం తిరిగేసరికి 14 మంది. రక్తపరీక్షలకు వచ్చిన ఏఎన్ఎం నా రిజిస్టరు తిరగేసి, "మీ దగ్గర జ్వరాల్లేవని ఉంది కదా మేడమ్, అందుకే ముందు వేరే ఊళ్లకు వెళ్లాను" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. ఆ రాత్రే ఒక పాపను పెద్దాసుపత్రికి మోసుకెళ్లాం. బతికింది. తెల్లారి వాళ్ల నాన్న కొండ దిగి వచ్చి, "ఎన్నాళ్ల నుంచి జ్వరమమ్మా?" అని అడిగాడు. నాకు నోరు పెగల్లేదు.

ఆ తర్వాత రెండు పనులు చేశాను. ఉన్నది ఉన్నట్టు రాయడం ఒకటి. పైకి పంపిన అంకెలనే గేటు దగ్గర నల్లబల్ల మీద రాయించడం రెండోది. మొదటిదానికి ఒక మెమో వచ్చింది, దాచుకున్నాను. రెండోదాని సంగతి వినండి. వారం గడవకముందే ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి వచ్చింది. "మేడమ్, నిన్న గుడ్లు 112 అని రాశారు. మా గదిలో ఆరుగురు పండక్కి ఊరెళ్లారు కదా?" అంది. వంటమనిషి పాత లెక్క చెప్పింది, నేను చూడకుండా ఎక్కించాను. అన్నేళ్లలో ఏ ఆఫీసూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. అక్కడ నా 112 పెద్ద కూడికలో ఒక అంకె. ఆ పిల్లకు మాత్రం పక్కన ఖాళీగా ఉన్న మంచం.

కాబట్టి పైవాళ్లొక్కరే చదివే రిపోర్టు మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఎవరి గురించి రాశామో వాళ్లు చదవాలి. ఇది నా సొంత తెలివేం కాదు, చట్టంలోనే ఉంది. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబర్ 12 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. అందరూ దరఖాస్తు గురించే చెబుతారు. నాలుగో సెక్షన్ చూడండి. బడ్జెట్టు, ఖర్చు, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకముందే ఆఫీసే బయటపెట్టాలి. పెట్టకపోతే అప్పుడు దరఖాస్తు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఉపాధి హామీలో సామాజిక తనిఖీ మన రాష్ట్రంలో 2006లోనే మొదలైంది. 2009లో దానికోసం ప్రత్యేకంగా సొసైటీ పెట్టారు. ఊరూరా తిరిగి మస్టర్లు చదివింది సూట్‌కేసుల ఆడిటర్లు కాదు. కూలి కుటుంబాల్లో నాలుగు అక్షరాలు నేర్చిన మీలాంటి పిల్లలు. గుమ్మంలో కూర్చుని, "పిన్నీ, నీ పేరున ఆరు రోజుల పని రాసుంది, చేశావా?" అని అడగడమే వాళ్ల పని. తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదివేవారు. తేలిన డబ్బంతా వెనక్కి రాలేదు, ఆ మాటా చెప్పాలి. కానీ దొంగ పేర్లు రాసేవాడికి, ఇది పిన్ని చెవిన పడుతుందన్న భయం వచ్చింది.

ఇక మన ఊళ్ల సంగతి. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో పంచాయతీ తాను ఖర్చుపెట్టిన నిధులకు వినియోగ ధ్రువపత్రం గ్రామసభ దగ్గరే తీసుకోవాలి. అంటే డబ్బు సరిగా ఖర్చయిందని మన అమ్మలు, తాతలు చెప్పాలి. జరిగేదేమిటి? ఇంటింటికీ తిప్పి వేలిముద్రలు వేయించుకోవడం మా ఊళ్లోనే చూశాను. తీర్మానంలో ఏం రాసుందో మా అత్తకు తెలియదు. ఆవిడకు తెలుగు వచ్చు, ఆఫీసు తెలుగు రాదు.

మీకు వస్తుంది. డిగ్రీలు చేశారు, చేతిలో ఫోన్లున్నాయి. వచ్చే గ్రామసభకు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. ఆ కాగితం ఎవరూ సంతకం పెట్టకముందు అడిగి తీసుకుని, కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో, మీ ఇంట్లో ఏ మాటైతే ఆ మాటలో గట్టిగా చదవండి. గొడవ పడక్కర్లేదు, చదవండి చాలు. బోరు వేశామని ఉంటే, ఎక్కడుందో ముసలాళ్లే అడుగుతారు.

ఎనిమిదింటికి హాజరు తీసుకోవాలి, నేను బయలుదేరాలి. మా బల్ల గేటు పక్కనే, రోడ్డు మీంచి కనిపిస్తుంది. నిన్న రాత్రి జ్వరాలు రెండు. ఇద్దరికీ రక్తపరీక్ష చేయించాం.