కొత్త నీరు, పాత ఏరు



కొత్త నీరు వచ్చి పాత నీటిని కొట్టుకుపోతుందని మన పెద్దలంటారు. సంగీత ప్రపంచంలో ఈ మాట చాలాసార్లు రుజువైంది. అయితే వచ్చిన కొత్త నీటిని తనలో కలుపుకుని, తన గట్ల మధ్యనే సాగిపోయిన ఏరు కూడా అరుదుగా కనిపిస్తుంది. ఇంగ్లండుకు చెందిన 'రోలింగ్ స్టోన్స్' అనే రాక్ బృందం 1978లో చేసిన పని అటువంటిదే.

ఈ బృందం 1962లో లండన్‌లో మొదలైంది. గాయకుడు మిక్ జాగర్, గిటారు విద్వాంసుడు కీత్ రిచర్డ్స్ దానికి రెండు కళ్లు. అమెరికాలోని నల్లజాతివారి బ్లూస్ పాటలు విని, వాటిని సాధన చేసి వీరు పైకి వచ్చారు. పదిహేనేళ్లు తిరిగేసరికి పేరు, డబ్బు, వేలాది జనం నిండే మైదానాల్లో కచేరీలు, అన్నీ అమరాయి.

సరిగ్గా అప్పుడే గాలి మారింది. 1976, 77 సంవత్సరాలలో న్యూయార్కులో రమోన్స్, లండన్‌లో సెక్స్ పిస్టల్స్, క్లాష్ వంటి కుర్రకారు బృందాలు ముందుకు వచ్చాయి. వీరి బాణీకి పంక్ అని పేరు. రెండు మూడు నిమిషాల పాట, ఆడంబరం లేని వాయింపు, ఊపిరి తిప్పుకోనివ్వని వేగం. పెద్ద బృందాలు ముసలివైపోయాయనీ, జనానికి దూరమైపోయాయనీ వీరు ఎగతాళి చేసేవారు. అప్పటికి జాగర్ వయసు 34 ఏళ్లే! మరోపక్క నృత్యశాలలను డిస్కో సంగీతం ఏలుతోంది. ఇవి చాలవన్నట్టు 1977 ఫిబ్రవరిలో కెనడాలోని టొరంటోలో రిచర్డ్స్ మాదకద్రవ్యాల కేసులో పట్టుబడ్డాడు. అతనికి జైలు పడితే బృందమే ఉండదేమోనన్న దిగులు పట్టుకుంది.

ఆ దిగులుతోనే వారంతా పారిస్‌లోని ఒక స్టూడియోలో పనికి కూర్చున్నారు. 1978 జూన్‌లో 'సమ్ గర్ల్స్' అనే రికార్డు విడుదలైంది. అందులో 10 పాటలున్నాయి. కొత్తవారి ప్రభావం వాటిలో స్పష్టంగా వినిపిస్తుంది.

'రెస్పెక్టబుల్' అనే పాటనే తీసుకోండి. జాగర్ స్వయంగా గిటారు అందుకున్నాడు. రిచర్డ్స్, రాన్ వుడ్‌లతో కలిపి మూడు గిటార్లు ఒకేసారి పరుగు తీస్తాయి. ఆ పరుగు పంక్ కుర్రవాళ్లు నేర్పింది. కాని గిటారు పలికే తీరు మాత్రం 1950లలో చక్ బెర్రీ వేసిన బాట. స్టోన్స్‌కు అది ఓనమాలనాటి పాఠం.

ఇక 'మిస్ యూ' అనే పాట. శ్రోతలు మనసులో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకోండి. మామూలు రాక్ పాటలో కాలితో మోగించే పెద్ద డ్రమ్ము ఎక్కువగా ఒకటి, మూడు అంకెల మీద పడుతుంది. డిస్కోలో నాలుగింటి మీదా సమంగా పడుతుంది. నాట్యం చేసేవారికి అడుగు తప్పే ప్రసక్తే ఉండదు. జాజ్ సంగీతమంటే ప్రాణం పెట్టే డ్రమ్స్ కళాకారుడు చార్లీ వాట్స్ ఈ నడకను ఏ తడబాటూ లేకుండా పట్టుకున్నాడు. దాని పైన వినిపించే మౌతార్గాన్ మటుకు అచ్చమైన బ్లూస్. వాయించినవాడు, పారిస్‌లో దారినపోయే వారి ముందు వాయించుకుంటున్న అమెరికన్ కళాకారుడు షుగర్ బ్లూ. డిస్కోకు లొంగిపోయారని పాత అభిమానులు కొందరు నొచ్చుకున్నా, ఆ ఆగస్టులో అమెరికాలో ఈ పాటే మొదటి స్థానంలో నిలిచింది. అక్టోబరులో రిచర్డ్స్‌కు కూడా జైలు తప్పింది. అంధుల కోసం ఒక కచేరీ చేయమని న్యాయస్థానం ఆదేశించింది.

ఇదే బృందం 1967లో మరో ప్రయత్నం చేసింది. బీటిల్స్ రికార్డు 'సార్జెంట్ పెప్పర్' సంచలనం సృష్టించిన ఏడాది అది. ఆ డిసెంబరులో స్టోన్స్ కూడా చిత్రవిచిత్రమైన ధ్వనులతో ఒక రికార్డు తెచ్చారు. అది అనుకరణగా ఉందని విమర్శకులు పెదవి విరిచారు. మరుసటి ఏడాదే వారు తిరిగి బ్లూస్ దారి పట్టారు.

ఈ రెండు ప్రయత్నాలకూ తేడా ఎక్కడుంది? మొదటిసారి ఎదుటివారి వేషం తెచ్చుకున్నారు. రెండవసారి కొత్తవారి వేగాన్నీ, పొదుపునూ, తాళపు నడకనూ తెచ్చుకుని తమ చేతివాటంలో కలుపుకున్నారు. చిన్నవారి వెక్కిరింతలో ఉన్న నిజాన్ని చెవిన పెట్టడానికి పెద్దవారికి కొంత ధైర్యం కావాలి. విన్న తరువాత తమ గొంతు తాము నిలుపుకోవడానికి ఇంకా ధైర్యం కావాలి.

సరిహద్దు జిల్లాలలో ఉండే మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. పొరుగు భాషల మాటలు రోజూ మన చెవిన పడుతూనే ఉంటాయి, మన నోట కలుస్తూనే ఉంటాయి. ఎక్కడినుంచో 'బస్' వచ్చింది. మన ఉకారం చేర్చి దాన్ని 'బస్సు' చేసుకున్నాం. ఆ బస్సెక్కి ఊరికి వెళుతున్నప్పుడు అది పరాయి మాటని ఎవరికీ గుర్తుండదు. పాటకైనా మాటకైనా అరువు తెచ్చుకోవడంలో తప్పులేదు. తెచ్చుకున్నదాన్ని మనదిగా పలికించుకునే ఉకారం మాత్రం పోగొట్టుకోకూడదు.