గుంటలో చచ్చిన కూలి



భక్తి గురించి మాట్లాడమన్నారు. మనల్ని రానివ్వని గుళ్ల గురించి చాలాసార్లు చెప్పుకున్నాం. ఇవాళ గ్రీసు దేశం పోదాం. అక్కడా ఓ కూలి శవం ఉంది.

ఏథెన్స్ పట్నం, క్రీస్తుపూర్వం 399. ఊరి దేవుళ్లను నమ్మడు, కొత్త దైవాలను తెస్తున్నాడు, కుర్రాళ్లను చెడగొడుతున్నాడు అని సోక్రటీసు మీద కేసు పెట్టారు. ఆ పనిమీద కోర్టుకాడికి పోతే యూతిఫ్రో అనే మనిషి ఎదురుపడ్డాడు. వాళ్లిద్దరి మాటలను ప్లేటో పుస్తకంగా రాశాడు. భక్తి అంటే ఏమిటన్నదే అందులో చర్చ.

యూతిఫ్రో వచ్చింది కన్నతండ్రి మీద హత్య కేసు పెట్టడానికి. నాక్సోస్ దీవిలో వాళ్లకు సేద్యం ఉండేది. అక్కడ పనిచేసే కూలి ఒకతను తాగిన కోపంలో ఆ ఇంటి బానిసను చంపాడు. (అడుగునున్నవాడి కోపం అడుగునున్నవాడి మీదే పడటం మనం ఎరగనిదా!) తండ్రి అతన్ని కాళ్లూ చేతులూ కట్టించి గుంటలో పడేయించాడు. ఇక ఏం చెయ్యాలో ధర్మం చెప్పే పెద్దను అడిగి రమ్మని ఏథెన్స్‌కు మనిషిని పంపాడు. చూశారా, ధర్మం తప్పని ఆసామి! పోయినవాడు తిరిగొచ్చేలోగా చలికీ, ఆకలికీ, కట్లకీ కూలి గుంటలోనే చచ్చాడు. హంతకుడేగా, చస్తే ఏమని ఆసామి అటు చూడనే లేదు.

చుట్టాలు తిట్టింది కొడుకునే. ఆ కూలివాడి కోసం తండ్రిని కోర్టుకీడుస్తావా, పాపం కాదా అన్నారు. సోక్రటీసంతటివాడే, చచ్చినవాడు మీ చుట్టమే అయ్యుంటాడు, లేకపోతే ఎందుకు పెడతావు అన్నాడు. మనవాడా పరాయివాడా అని కాదు, చంపడం న్యాయమా కాదా అదే చూడాలి అన్నాడు యూతిఫ్రో. ప్లేటో ఇతన్ని గొప్పలు చెప్పుకునేవాడిగా చూపాడు, చదివినవాళ్లు నవ్వుతారు. నవ్వనీయండి. ఈ మాట మాత్రం మాకు నచ్చింది. అయితే అతనిదీ కూలి మీద జాలి కాదు. చంపినవాడితో కలిసి బతికితే తనకూ మైల అంటుతుందని భయం. అక్కడ మైల చంపినవాడికి అంటింది. మన ఊళ్లలో చాకిరీ చేసినవాడికి అంటగట్టారు.

సోక్రటీసు అడిగిన ప్రశ్న మనం దాచుకోవాల్సింది. దేవుళ్లకు ఇష్టం గనక ఒక పని మంచిదైందా, మంచిది గనక దేవుళ్లు ఇష్టపడ్డారా? యూతిఫ్రో తిప్పలుపడి, పనుందని జారుకున్నాడు. ముఖంలోంచి ఒకడూ పాదంలోంచి ఒకడూ పుట్టాడు, అది దేవుడి ఏర్పాటు అనేవాణ్ణి ఇదే అడగండి. దేవుడు చేశాడు గనక అది న్యాయమా? 1936లో 'కులనిర్మూలన'లో అంబేద్కర్ మతంలో నియమాలు వేరు, సూత్రాలు వేరు అన్నది ఇలాంటి నిలదీతే. మనుషుల్ని మూడు తరగతులు చేసిన ప్లేటోను కూడా అందులోనే తప్పుపట్టాడు.

సోక్రటీసుకు విషమిచ్చారు. అది లోకమంతా చదువుకుంది. యూతిఫ్రో కేసు ఏమైందో పుస్తకం చెప్పదు. కూలి పేరు కోసం వెతికాం. లేదు. ఆ బానిస పేరూ లేదు.

1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లను ఎనిమిదిమందిని చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. 2014లో హైకోర్టు ముద్దాయిలను నిర్దోషులంది. కానీ చనిపోయినవాళ్లను మనం ఊరి నడుమ పాతిపెట్టాం, ఆ చోటును రక్తక్షేత్రం అన్నాం. వాళ్ల పేర్లు ఈ సభలో ఎవరినడిగినా చెబుతారు.