ఇంటి దొంగలు, బయటి సాక్షులు



ఈ సభ ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారికి ఇష్టమైన విషయం ఏదైనా మాట్లాడమని నిర్వాహకులు కోరారు. ఆయన్ని బాధపెట్టిన విషయాన్ని నేను ఎంచుకున్నాను. ప్రజల పన్నులతో నడిచే మన విశ్వవిద్యాలయాల్లో పరిశోధన పేరిట మోసాలు జరిగాయి. అవి ఎలా బయటపడ్డాయో, బయటపడ్డాక మనం ఏం చేశామో చూస్తే ఇక ముందు జరగకుండా ఏం చేయాలో తెలుస్తుంది.

కథ చండీగఢ్‌లో మొదలవుతుంది. అక్కడి పంజాబ్ విశ్వవిద్యాలయంలో విశ్వజిత్ గుప్తా అనే పురాజీవ శాస్త్రవేత్త ఉండేవారు. దాదాపు పాతికేళ్లపాటు హిమాలయాల శిలాజాల మీద 300కు పైగా పత్రాలు ప్రకటించారు. దేశవిదేశాల్లో పేరున్నవారు ఎందరో ఆయన సహరచయితలు. ఆయన శిలాజాలు పంపేవారు, వాళ్లు వాటిని గుర్తించి వర్ణించేవారు, పత్రం అచ్చయ్యేది. ఆ రాయి ఏ కొండ మీద, ఏ వాగు పక్కన దొరికిందో సహరచయితల్లో చాలామంది వెళ్లి చూసింది లేదు. పత్రాల్లో కూడా ఆ వివరం స్పష్టంగా ఉండేది కాదు.

ఆస్ట్రేలియాలోని మెక్వారీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ టాలెంట్‌కు అనుమానం వచ్చింది. కోనోడాంట్లని పంటి ఆకారంలో ఉండే అతి చిన్న శిలాజాలున్నాయి. హిమాలయాల్లో ఎక్కడెక్కడో దొరికాయని గుప్తా చూపించినవి, అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆమ్స్‌డెల్ క్రీక్ అనే వాగు దగ్గర దొరికేవాటితో అచ్చంగా సరిపోయాయి. అమ్మోనాయిడ్లని (చుట్ట తిరిగిన గవ్వల శిలాజాలని) చూపించినవి మొరాకోవి. అలాంటివి ఐరోపా దుకాణాల్లో డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. టాలెంట్ 1987లో కెనడాలోని కాల్గరీ సదస్సులో ఈ మాట బయటపెట్టారు. 1989 ఏప్రిల్‌లో ‘నేచర్’ పత్రికలో వివరంగా రాశారు.

దీని నష్టం ఒక మనిషి పరువుతో పోయేది కాదు. పొరలో దొరికిన శిలాజాన్ని బట్టే భూగర్భ శాస్త్రవేత్త ఆ రాతి వయసు చెబుతాడు. రాతి వయసు తప్పయితే పటం తప్పు. ఆ పటాన్ని నమ్మి పక్క లోయలో పనిచేసిన కుర్రవాడి థీసిస్ తప్పు. హిమాలయాల తొలి చరిత్ర మీద నిజాయితీగా పనిచేసిన ఎంతోమంది తమ పునాదులను మళ్లీ తవ్వి చూసుకోవలసి వచ్చింది. గుప్తా మీద విచారణ జరిగింది, తప్పు రుజువైంది. అయినా ఆయన 2002లో పదవీ విరమణ చేసేదాకా అదే విశ్వవిద్యాలయంలో ఉద్యోగిగా ఉన్నారు. ఆయన పత్రాల్లో చాలామటుకు ఉపసంహరణ కూడా కాలేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి.

అదే కాలంలో, 1986లో, ఢిల్లీలో కొందరు శాస్త్రవేత్తలు శరీరధర్మ శాస్త్రవేత్త ఏ.ఎస్. పైంతాల్ అధ్యక్షతన ‘సొసైటీ ఫర్ సైంటిఫిక్ వాల్యూస్’ స్థాపించారు. ఆరోపణలు వస్తే పరిశీలించి తమ నిర్ణయం ప్రకటించేవారు. చట్టబద్ధమైన అధికారం ఏమీ లేని ఆ కొద్దిమంది చూపిన తెగువ పెద్ద పెద్ద సంస్థలు చూపలేదు.

రెండో ఊరు నైనిటాల్. 2002లో కుమావూన్ విశ్వవిద్యాలయ ఉపకులపతి బి.ఎస్. రాజ్‌పుత్ పేరిట వచ్చిన ఒక భౌతికశాస్త్ర పత్రం, స్టాన్‌ఫర్డ్ ఆచార్యురాలు రెనాటా కాలోష్ 1996లో ప్రకటించిన పత్రానికి నకలని తేలింది. ఆ సంగతి లేవనెత్తిన ఆచార్యురాలు కవితా పాండేపై సస్పెన్షన్ వేటు పడింది. స్టాన్‌ఫర్డ్ భౌతిక శాస్త్రవేత్తలు, వారిలో నోబెల్ బహుమతి గ్రహీతలు కూడా, రాష్ట్రపతి అబ్దుల్ కలామ్‌కు లేఖ రాశాకే కదలిక వచ్చింది. న్యాయమూర్తి విచారణ జరిపారు. 2003 ఆరంభంలో ఉపకులపతి రాజీనామా చేశారు. కాలిఫోర్నియా నుంచి ఉత్తరం రాకపోయి ఉంటే? ఫిర్యాదు ఎవరి మీదో, దాన్ని విచారించే అధికారం కూడా వారి చేతిలోనే ఉన్నప్పుడు జరిగేది ఇదే.

మూడోది మన తిరుపతి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర ఆచార్యుడొకరు 2003 నుంచి 2007 దాకా ప్రకటించిన పత్రాల్లో సుమారు 70 నకళ్లనీ కల్పితాలనీ 2008లో ప్రపంచానికి తెలిసింది. దాన్ని పట్టుకోవడంలో ముందున్న పూర్ణేందు దాస్‌గుప్తా ఉన్నది అమెరికాలోని టెక్సస్‌లో. విశ్వవిద్యాలయం విచారణ జరిపి చర్య తీసుకుంది. ఆ కొద్ది సంవత్సరాల్లో అన్ని పత్రాలు వస్తుంటే పక్క గదుల్లో ఉన్నవారు ఒక్క ప్రశ్న వేసిన దాఖలా నాకు కనిపించలేదు. ఈ మాట మన ఊళ్ల గురించి కాబట్టి ఇంకాస్త గట్టిగా అంటున్నాను.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మూడు చోట్లా దొంగ దొరికింది బయటివాళ్ల వల్లే. ఇంట్లోవాళ్లకు తెలియక కాదు, నైనిటాల్‌లో తెలిసిన మనిషి నోరు విప్పింది కూడా. విప్పినందుకు ఏమైందో మిగతావాళ్లు చూశారు.

ఇక మనం చేసిన నిబంధనల సంగతి. 2009 నుంచి పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వాలంటే ముందు ఒక పత్రం అచ్చు కావాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) అంది. 2010 నుంచి ఉద్యోగోన్నతికి పాయింట్లు లెక్కపెట్టారు. ఏదో ఒక పత్రం తప్పనిసరి అయ్యేసరికి, డబ్బు తీసుకుని అచ్చువేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థను, రచయితలను మోసగించిందంటూ 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమంది. యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 2018లో 4,305 పత్రికలను తీసేసింది. పీహెచ్‌డీకి తప్పనిసరి పత్రం నిబంధన 2022లో పోయింది. మంచిదే.

2018 జూలైలో గ్రంథచౌర్యంపై యూజీసీ నిబంధనలు వచ్చాయి. 10 శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదు. థీసిస్‌లో 60 శాతం దాటితే విద్యార్థి రిజిస్ట్రేషన్ రద్దు. ఆచార్యుడి పత్రంలో అదే 60 దాటితే రెండు ఇంక్రిమెంట్లు ఆగుతాయి, మూడేళ్లు కొత్త విద్యార్థులను తీసుకోకూడదు. కుర్రవాడికి బతుకు పోతుంది, పెద్దాయనకు జీతంలో కొంత తగ్గుతుంది. ఈ తేడాను నేను ఒప్పుకోలేను.

అంతకంటే పెద్ద లోపం ఇంకొకటుంది. ఈ పోలిక శాతాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ పట్టేది వాక్యాలను. గుప్తా ఎత్తినవి ముఖ్యంగా వాక్యాలు కావు, రాళ్లు. కల్పించిన కొలతలతో, సొంత మాటలతో రాసిన థీసిస్‌కు సున్నా శాతం రిపోర్టు వస్తుంది, దాన్ని మనం నిజాయితీ పత్రంలా జతచేసి బైండింగ్‌కు పంపుతాం.

ఇక్కడి స్కాలర్లకు తెలుసు, గైడు సంతకం లేకపోతే నెల ఫెలోషిప్ రాదు, వైవా జరగదు. అటువంటి పిల్లవాడు గైడు లెక్కల మీద ఎవరికి ఫిర్యాదు చేస్తాడు? ఆ నిబంధనల ప్రకారం శాఖాధిపతి అధ్యక్షుడిగా ఉండే ప్యానెల్‌కా? ఆ శాఖాధిపతి గైడుగారి పాత శిష్యుడైతే?

సాఫ్ట్‌వేర్ పట్టలేనిదానికి విరుగుడు మాస్టారి దగ్గర చూశాను. ఆయన ప్రయోగశాలలో కొలతల పుస్తకంలో పేజీ చింపే అలవాటు ఉండేది కాదు. తప్పు అంకెను ఒక గీతతో కొట్టేసి, పక్కన తేదీ వేసి, సరైనది రాయాలి. ఆ పుస్తకం విద్యార్థిది కాదు, ప్రయోగశాలది. విద్యార్థి వెళ్లిపోయినా అది బీరువాలో ఉండేది. ఎవరు వచ్చి అడిగినా తీసి చూపించేవారు.

డీన్‌గారు, అకడమిక్ సెనేట్ సభ్యులు కొందరు ఈ సభలో ఉన్నారు. మీకు మూడు విన్నపాలు. థీసిస్‌తో పాటు ముడి కొలతలు, నమూనాల రిజిస్టరు, ప్రయోగ పుస్తకాలు గ్రంథాలయంలో జమచేయించండి, వైవా రోజున పరీక్షకుడు వాటిలో తనకు నచ్చిన పేజీ తెరిచి అడగాలి. ఫిర్యాదు చేసిన స్కాలరుకు, విచారణ తేలేదాకా ఆగకుండా, వేరే గైడును, ఆగని ఫెలోషిప్‌ను హామీ ఇవ్వండి. విచారణ సంఘంలో ఎక్కువమంది వేరే విశ్వవిద్యాలయాల వారు ఉండాలి. ఈ మూడింటికీ తీర్మానం ముసాయిదా రాసి తెచ్చాను. సభ ముగిశాక డీన్‌గారికి అందజేస్తాను. వచ్చే సెనేట్ సమావేశపు అజెండాలో దానికి చోటివ్వమని కోరుతున్నాను.