మన సంఘ వెబ్‌సైటునకు ఏ సాఫ్టువేరు?
(సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మన వారపత్రికకు ఒక వెబ్‌సైటు నెలకొల్పవలెనని కార్యవర్గము సంకల్పించినది. వార్తలు, ఫొటోలు ఎక్కించుటకును దిద్దుకొనుటకును లోపల ఒక సాఫ్టువేరు ఉండవలెను. దానిని మన కొలతకు ప్రత్యేకముగా వ్రాయించుకొందమా, లేక లోకమంతయు వాడుచున్న సిద్ధసరుకును తెచ్చుకొందమా అనునది నేటి ప్రశ్న.

ప్రత్యేకముగా వ్రాయింపవలెనని కొందరు యువకుల వాదము. ఇంటిపేరు, గోత్రము, స్వగ్రామమును బట్టి కుటుంబములను వెదకు సౌకర్యము సిద్ధసరుకులో రాదని వారందురు. ఇందు నిజము లేకపోలేదు.

కాని మరమగ్గముల ఊరివారమైన మనకు ఒక సంగతి తెలియును. సాంచా కొనునపుడు దాని వేగము మాత్రమే చూడము. నడిరాత్రి ఆగినచో సరిచేయు మేస్త్రి పద్మానగర్‌లోనో కామత్‌ఘర్‌లోనో దొరకునా అని విచారింతుము. ఒక్కరు వ్రాసిన సాఫ్టువేరు, వ్రాసినవారు పుణెకో హైదరాబాదుకో ఉద్యోగమునకు పోయిన నాడు ఎవరి చేతికి వచ్చును?

వర్డ్‌ప్రెస్ పుట్టుకయే ఇందుకు తార్కాణము. మిషెల్ వాల్‌డ్రిగి అను ఆయన బీ2 అను సాఫ్టువేరు వ్రాసెను. 2003 ఆరంభము నాటికి ఆ పని నిలిచిపోయినది. అయితే అది జీపీఎల్ అనుమతితో వెలువడినది. అనగా దాని మూలమును ఎవరైనను చూడవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. అందుచేతనే అమెరికావాసి మాట్ ముల్లెన్‌వెగ్, ఆంగ్లేయుడు మైక్ లిటిల్ దానిని చేపట్టి, 2003 మే 27న వర్డ్‌ప్రెస్‌గా విడుదల చేసిరి. నేడు ప్రపంచపు వెబ్‌సైట్లలో నూటికి నలుబదికి పైగా దానిపై నడచుచున్నవి. తెలుసినవారు ఈ ఊరిలోనే దొరకుదురు. కనుక మేము సిద్ధసరుకు పక్షమే.

దానికిని దోషములు గలవు. ఎక్కువమంది వాడుదురు గనుక దొంగల కన్నును దానిపైననే. పాతబడిన ప్లగిన్ల ద్వారా వారు చొరబడుదురు. ఊరకే వచ్చినదని ఊరక వదలరాదు. వారమునకొకమారు చూచువారొకరు ఉండవలెను.

ఇక కుటుంబముల పట్టిక. ఫోను నంబర్లు, పెండ్లికెదిగిన పిల్లల వివరములు బహిరంగముగా ఉంచుట మాకు సమ్మతము కాదు. వ్యక్తుల వివరముల రక్షణకై 2023లో చట్టమును వచ్చినది. ఆ పట్టిక కార్యాలయపు దస్త్రములోనే ఉండనిండు. అపుడు ప్రత్యేకపు వెదుకులాట అవసరమే ఉండదు.

మిగిలిన సొమ్మును పాత సంచికలపై వెచ్చింతము. అవి ముద్రణకు వాడు అనూ ఫాంటులలో కూర్చబడినవి. కంటికి తెలుగే గాని యంత్రమునకు కాదు. వెదకినచో మాట దొరకదు. యూనికోడునకు మార్చి, పెద్దలచేత ఒప్పులు దిద్దింపవలెను. అందు నాగరి, తెలుగు అక్షరములు చాలవరకు ఒకే వరుసలో అమర్చబడినవి. కావున తెలుగు పాఠమును యంత్రమే నాగరి లిపిలో చూపగలదు. హ్రస్వ ఎ, ఒలకు కొంత చిక్కు వచ్చును, అది వేరు మాట. ఇంట తెలుగు మాటాడుచు మరాఠీ బడిలో చదివిన మన పిల్లలు తాతల నాటి సంచికలను అపుడు తామే చదువుకొందురు. ఏ సాఫ్టువేరు తెచ్చినను ఈ పని జరుగనిచో ఆ వెబ్‌సైటును చదువువారెవరు?

డొమైను పేరు సంఘము పేరిటనే ఉండవలెను, నిర్మించువారి పేరిట కాదు. నెలనెలా ఒక ప్రతి తీసి ఇద్దరి వద్ద ఉంచవలెను. వచ్చిన కొటేషన్లు రెండును కార్యాలయమున ఉన్నవి. సభ్యులు సాయంకాలములందు వచ్చి చూచి, తమ అభిప్రాయము వ్రాసి ఈయగోరుచున్నాము.