కోసిన గడ్డి ఎక్కడికి పోవాలి?

మే నెల వచ్చిందంటే శనివారం పొద్దున్నే మన వీధుల్లో మోవర్ల మోత మొదలవుతుంది. లాన్ కోయడం అందరికీ అలవాటైపోయింది. కోసిన గడ్డిని ఏం చెయ్యాలన్నదే ఈవారం ముచ్చట.

ముందుగా ఒక సంగతి. టొరాంటో నగరంవాళ్లు ఎండుటాకులు, కొమ్మలు తీసుకెళ్తారు గానీ గడ్డి తీసుకెళ్లరు. మిస్సిసాగా, బ్రాంప్టన్‌ ఉన్న పీల్ ప్రాంతంలోనూ అంతే. కాల్గరీలో మాత్రం గ్రీన్ కార్ట్‌లో వెయ్యొచ్చు. మీ ఊళ్లో నియమం ఏమిటో ఒకసారి కనుక్కోండి. కొత్తగా ఇల్లు కొన్నవాళ్లకి ఇది తెలియక, వదిలేసిపోయిన సంచుల్ని కొందరు పెరటి వెనక రవీన్‌లోకి దొర్లించేస్తుంటారు. టొరాంటోలో అలా పారబొయ్యడం చట్టవిరుద్ధం. కుప్ప కింద మొక్కలు చచ్చిపోతాయి, గడ్డి సారం వానకి వాగులో కలిసి నాచు పెరుగుతుంది.

మా నాన్నగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు వీధిలో ఆ సంచులు చూసి, "ఏమ్మా, ఇంత మేత కట్టి పారేస్తున్నారా?" అన్నారు. ఇక్కడ మనకి గేదెలు లేవు, నిజమే. కానీ ఆ మేత నేలకి కావాలి. పచ్చిగడ్డిలో నూటికి 80 పాళ్లు నీరే. ఎండగా మిగిలినదాంట్లో సుమారు 4 శాతం నత్రజని. కోసినచోటే వదిలేస్తే, లాన్‌కి ఏడాదికి కావలసిన నత్రజనిలో దాదాపు నాలుగోవంతు దానికే తిరిగొస్తుంది. ఎరువు ఖర్చు ఆ మేరకు తగ్గినట్టే. లాన్‌లో పీచుపొర పేరుకుంటుందని భయపడకండి. ఆ పొర కట్టేది వేళ్లు, కాడల వల్ల. ఆకుముక్కలు త్వరగా కుళ్లి మట్టిలో కలిసిపోతాయి.

అయితే కోయడంలో పద్ధతి ఉండాలి. ఒకసారికి మూడోవంతుకి మించి కోయకండి. 9 సెంటీమీటర్లు పెరిగితే 6 దగ్గర ఆపండి. తడిగా ఉన్నప్పుడు కోస్తే ముద్దలు కడుతుంది. మోవర్ వెనక సంచి తీసేశాక అక్కడి మూత సరిగ్గా మూసుకుందో లేదో చూసుకోండి.

రెండు వారాలు ఊరెళ్లి వచ్చేసరికి గడ్డి ఏపుగా పెరిగిందనుకోండి. కోసిందాన్ని ఎండబెట్టి టమాటా, గోంగూర, బీరపాదుల చుట్టూ రెండు సెంటీమీటర్ల మందాన పరవండి. తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. మందంగా వేస్తే మాత్రం గాలాడక కుళ్లు వాసనొస్తుంది. కలుపుమందు కొట్టిన గడ్డి కూరగాయలకి వెయ్యకండి. ఒంటారియోలో ఇళ్ల లాన్లకి అలాంటి మందుల్ని 2009 ఏప్రిల్ 22 నుంచి నిషేధించారు గనక అక్కడివాళ్లకి ఆ బెంగ తక్కువ.

కంపోస్టు చేసుకునేవాళ్లు అక్టోబరులో రాలిన ఆకులు రెండు సంచులు దాచి ఉంచుకోండి. గడ్డి ఒక పాలు, ఎండుటాకులు రెండు పాళ్లు కలిపితే వాసన ఉండదు.

ఈ శనివారం సంచి తగిలించకుండా ఒకసారి కోసి చూడండి. వచ్చేవారం మళ్లీ కలుసుకుందాం. సెలవు.