బిల్డింగ్ కొని ఉద్యోగం మానేయొచ్చా? మన ప్రొద్దుటూరు లెక్క

ఈరోజుది లెక్కల ఎపిసోడ్. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఓపెన్ చేసి పక్కన పెట్టుకోండి. నేను చెప్పినానని నమ్మొద్దు, మీరే కొట్టి చూసుకోండి.

పోయిన వారం జమ్మలమడుగు తమ్ముడు ఒకతను మెసేజ్ పెట్టినాడు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్, మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్. "అన్నా, ఈ ఉద్యోగం నాతో కాదు. ఊర్లో మా తాత ఇచ్చిన ఐదు సెంట్ల స్థలం ఉంది. అది అమ్మి డౌన్ పేమెంట్ కట్టి, ప్రొద్దుటూరులో ఒక బిల్డింగ్ కొని, బాడుగల మీద బతుకుతా. రిజైన్ లెటర్ డ్రాఫ్ట్‌లో ఉంది, పంపమంటావా?" ఇదీ మెసేజ్. చివర్లో ఇంకో లైను: "మా నాయనకు ఇంకా చెప్పలేదు."

ఆ చివరి లైను చదివినాక నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే 2022లో నేను కూడా మా నాయనకు చెప్పకుండానే మొదలుపెట్టినా.

అప్పుడు వర్క్ ఫ్రమ్ హోమ్. ప్రొద్దుటూరులో మా ఇంట్లో మేడ మీద కూర్చుని పగలు టికెట్లు క్లోజ్ చేసేది, రాత్రి అమెరికా వీడియోలు చూసేది. "నాకు ముప్పై రెండేళ్లు, నలభై అపార్ట్‌మెంట్లు ఉన్నాయి, జాబ్ మానేశా" అని ఒకాయన బీచ్‌లో కూర్చుని చెప్తుంటాడు. రిచ్ డాడ్ పూర్ డాడ్ కూడా అప్పుడే చదివినా. ఇంకేముంది, తలకెక్కింది. మైదుకూరు రోడ్డు వైపు ఒక బిల్డింగ్ అమ్మకానికి ఉందని తెలిస్తే పోయి చూసినా. నాలుగు సెంట్లు, జీ ప్లస్ టూ, ఫ్లోరుకు రెండు పోర్షన్లు, మొత్తం ఆరు. కోటిన్నర చెప్పినారు. ఒక్కో పోర్షన్ బాడుగ 7,000. ఆరు ఏళ్లు నలభై రెండు, అంటే నెలకు 42,000. ఏం చేయకుండా 42,000! నాకు ఆ నంబర్ ఒక్కటే కనపడింది.

ఎక్సెల్ షీట్ వేసినా. కలర్లు, గ్రాఫులు, ఇరవై ఏళ్ల ప్రొజెక్షన్, అన్నీ. దాన్ని తీసుకొచ్చి మా నాయనకు చూపించినా. ఆయన చిన్న బట్టల అంగడి నడిపినాడు, చదివింది పదో తరగతి. షీట్ చూడనే లేదు. ఒకటే అడిగినాడు.

"నూటికెంత పడతాంది రా అబ్బీ?"

నాకు అర్థం కాలేదు. బీటెక్ చదివినా గదా, పర్సెంటేజీలో చెప్పబోయినా. "అది కాదురా, నూరు రూపాయలు పెడితే నెలకు ఎంతొస్తాది?" అన్నాడు. మన సైడు అప్పులన్నీ అట్లే కదా. నూటికి రూపాయిన్నర, నూటికి రెండ్రూపాయలు. ప్రొద్దుటూరు బంగారం అంగళ్ల వీధిలో చిన్న పిల్లోన్ని అడిగినా ఈ లెక్క చెప్తాడు. రెండో బొంబాయి అని ఊరికే అనరు మా ఊరిని.

సరే, లెక్క వేద్దాం. కొట్టండి. నెలకు 42,000 అంటే ఏడాదికి 5,04,000. ఆరు పోర్షన్లూ పన్నెండు నెలలూ నిండి ఉండవు. ఒక్కొక్కటి ఏడాదికి ఒక నెల ఖాళీ అనుకుందాం, 42,000 పోయింది. ఇంటి పన్ను, బోరు మోటరు కాలిపోవడం, సున్నాలు, ప్లంబర్, కామన్ కరెంటు బిల్లు, అన్నీ కలిపి నెలకు 6,000 అనుకుందాం, 72,000 పోయింది. మిగిలింది 3,90,000. నెలకు 32,500. దీన్ని కోటిన్నర మీద నూటికి లెక్కిస్తే 22 పైసలు.

ఇరవై రెండు పైసలు! మా నాయన నవ్వినాడు. "పావలా వడ్డీ కూడా రాలేదు గదరా." డ్వాక్రా సంఘాల్లో ఉన్న అమ్మలున్న వాళ్లకు ఈ మాట బాగా తెలుసు. పులివెందుల మనిషి వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మహిళా సంఘాల అప్పులకు తెచ్చిన స్కీము పేరే పావలా వడ్డీ, అంటే ఏడాదికి మూడు శాతం. నేను బీచ్‌లో కూర్చుందామని కొనబోయిన బిల్డింగ్ దాని కన్నా తక్కువ ఇస్తాంది.

ఇప్పుడు అప్పు వైపు చూడండి. హోమ్ లోన్ ఎనిమిదిన్నర శాతం అనుకుందాం. నూటికి నెలకు 71 పైసలు. నాకు వచ్చేది 22, నేను కట్టేది 71. రిజర్వ్ బ్యాంకు రూలు ప్రకారం 75 లక్షలు దాటిన హోమ్ లోన్ అయితే ఇంటి విలువలో 75 శాతమే ఇస్తారు. అంటే కోటీ 12 లక్షల 50 వేలు లోను. 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 97,650. చేతి నుంచి 37 లక్షల 50 వేలు. దాని పైన రిజిస్ట్రేషన్: స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. పూర్తి రేటుకు రాయిస్తే ఇంకో 11 లక్షల పైనే.

బాడుగలు 32,500 వస్తాయి, ఈఎంఐ 97,650 పోతుంది. నెలకు 65,000 నా జేబులోంచి. అది ఎక్కడి నుంచి వస్తుంది? జీతం నుంచి. ఉద్యోగం మానడానికి కొంటున్న బిల్డింగ్ నన్ను ఇరవై ఏళ్లు ఉద్యోగం మాననియ్యదు. పైగా బ్యాంకులో మొదట అడిగిందే పే స్లిప్. మేనేజర్ గారికి ఆ బిల్డింగ్ మీద కన్నా నా జీతం మీదే నమ్మకం. రిజైన్ చేసి పోయినావంటే కుర్చీ కూడా వెయ్యరు.

మరి అమెరికాలో వాళ్లకు ఎట్లా కుదిరింది? వాళ్లు అబద్ధం చెప్తున్నారని కాదు. అక్కడ ఐదు యూనిట్లు, ఆ పైన ఉండే బిల్డింగ్‌ను కమర్షియల్ ఆస్తి కింద చూస్తారు. దాని రేటు ప్రధానంగా బాడుగను బట్టి కడతారు, అప్పిచ్చేవాడు కూడా ముఖ్యంగా బిల్డింగ్ ఆదాయమే చూస్తాడు. బాడుగ పెంచితే బిల్డింగ్ రేటే పెరుగుతుంది. మన ఊర్లో రేటు స్థలానిది. బాడుగ ఎంతైనా సెంటు ఇంత అని చెప్తారు, అంతే.

అయినా అక్కడ కూడా అందరూ బీచ్‌లో లేరు. 2022లో అమెరికాలో వడ్డీలు పెరగడం మొదలైంది, సున్నా దగ్గర ఉన్న రేటు ఏడాదిన్నరలో ఐదు శాతం దాటింది. మారే వడ్డీకి అప్పు తెచ్చినవాళ్లు ఇరుక్కున్నారు. హ్యూస్టన్‌లో యాపిల్స్‌వే అనే కంపెనీ ఉండేది. మన దేశం నుంచి పోయి, ఐటీ ఉద్యోగం చేసి, తర్వాత ఇందులోకి దిగినాయన నడిపినాడు. చిన్న చిన్న ఇన్వెస్టర్ల దగ్గర డబ్బు కూడేసి అపార్ట్‌మెంట్లు కొన్నారు. 2023 ఏప్రిల్‌లో నాలుగు కాంప్లెక్సులు, 3,200కు పైగా ఫ్లాట్లు అప్పిచ్చినవాళ్లు ఫోర్‌క్లోజ్ చేసుకున్నారు. ఈ సంగతి ఆ బీచ్ వీడియోల్లో నాకెక్కడా రాలేదు.

ఇప్పుడు మీరు అంటారు: అన్నా, బాడుగ కాదు, రేటు పెరుగుతుంది గదా అని. పెరగొచ్చు. పెరిగిన రేటుతో ఈఎంఐ కట్టలేం, అమ్మితేనే డబ్బు. పైగా పెరుగుతుందని ఎవరు చెప్తున్నారో చూడండి. జమ్మలమడుగు వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. 2007లో బ్రాహ్మణి స్టీల్స్ శంకుస్థాపన. 2018 డిసెంబర్లో కంబాలదిన్నె దగ్గర ఇంకో స్టీల్ ప్లాంటుకు. 2019 డిసెంబర్లో సున్నపురాళ్లపల్లె దగ్గర మళ్లీ. 2023 ఫిబ్రవరిలో జేఎస్‌డబ్ల్యూతో అక్కడే మళ్లీ. 2007లో నేను ఐదో క్లాసు. మా బంధువు ఒకాయన అప్పుడే ఆ రోడ్డు పక్కన ప్లాటు కొన్నాడు, ఫ్యాక్టరీ వస్తే రూములు కట్టి బాడుగకిస్తానని. నేను బీటెక్ చదివి, ఉద్యోగం చేసి, మానేసినా. ఆ ప్లాటులో ఇంకా కంపచెట్లే.

అందుకే రేటు కన్నా ముందు ఒక ప్రశ్న: నీ పోర్షన్లో ఎవరు దిగుతారు, వాళ్లకు జీతం ఎక్కడి నుంచి వస్తుంది? ప్రొద్దుటూరులో అయితే పల్లెల నుంచి పిల్లల చదువుల కోసం దిగే కుటుంబాలున్నాయి, అంగళ్లలో పనిచేసేవాళ్లున్నారు, ఇంజనీరింగ్ కాలేజీ, వెటర్నరీ కాలేజీ ఉన్నాయి. పులివెందులలో జేఎన్‌టీయూ కాలేజీ ఉంది, తుమ్మలపల్లె యురేనియం గని ఉంది. ఆర్‌టీపీపీ పెద్ద ప్లాంటే, అయితే దానికి సొంత క్వార్టర్స్ ఉన్నాయి, మరి నీ దగ్గరికి ఎంతమంది వస్తారు? గవర్నమెంట్ ఉద్యోగులు మంచి టెనెంట్లే, ట్రాన్స్‌ఫర్లు పడినప్పుడు మాత్రం రెండు పోర్షన్లు ఒకేసారి ఖాళీ అవుతాయి. కొనే ముందు ఒక ఆదివారం ఆ వీధిలో నడిచి "టు లెట్" బోర్డులు లెక్కపెట్టండి. ఏ యాప్‌లోనూ దొరకని డేటా అది.

సరే, నా కథ. నాయన నవ్వినాడు గానీ అప్పటికే నేను 2 లక్షలు అడ్వాన్స్ ఇచ్చేసినా. తెల్ల కాగితం మీద అగ్రిమెంటు. ఆ తర్వాత లాయర్ దగ్గరికి పోయినా, అంటే రివర్స్‌లో. ఆయన ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు చూసి, "పార్టిషన్ డీడ్‌లో అన్నదమ్ములే ఉన్నారు, అక్కచెల్లెళ్ల సంతకాలు యాడున్నాయి?" అన్నాడు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు వాటా మన రాష్ట్రంలో ఎన్టీఆర్ కాలంలోనే, 1985 నుంచి వచ్చింది, అప్పటికి పెళ్లి కాని వాళ్లకు. 2005లో దేశమంతా చట్టం మార్చినారు. నాకిదేం తెలీదు. ఒక అక్క సంతకం లేదు, ఆమె పెట్టనంటాంది. ఆమె తప్పేం లేదు, ఆమె వాటా ఆమెది. నా అడ్వాన్సులో లక్షా పాతిక వేలు తిరిగి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. మిగతా 75,000 రాలేదు. దాన్ని ట్యూషన్ ఫీజు కింద రాసుకున్నా.

ఇంకో సంగతి. రెరా చట్టం ఉంది గదా అనుకుంటారు. 500 చదరపు మీటర్ల లోపు స్థలమైనా, ఎనిమిది ఫ్లాట్ల లోపు ప్రాజెక్టు అయినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన ఊర్లలో బిల్డింగులు చాలావరకు ఆ సైజువే. అంటే నీ తరఫున చూసేది నీ లాయరే. పెద్ద ప్రాజెక్టయితే మాత్రం రెరా నంబర్ రాకముందు అమ్మకానికి ప్రకటన కూడా ఇవ్వకూడదు. "ప్రీ లాంచ్ సార్, నెలనెలా బాడుగ గ్యారంటీ సార్" అని ఫోన్ వస్తే నంబర్ అడగండి, రెరా వెబ్‌సైట్‌లో కొట్టండి.

తక్కువ డబ్బుతో బాడుగ రుచి చూడాలంటే రీట్‌లు ఉన్నాయి. మాదాపూర్ మైండ్‌స్పేస్‌లో పనిచేసినవాళ్లు మనలో ఎంతమందో. అది ఉన్న రీట్ 2020 నుంచి స్టాక్ మార్కెట్‌లో ఉంది, కొన్ని వందల రూపాయలకు ఒక యూనిట్ కొనొచ్చు. పంచగలిగే నగదులో కనీసం 90 శాతం పంచాలని సెబీ రూలు. దాంతో ఉద్యోగం మానలేం, యూనిట్ రేటు పడొచ్చు కూడా. అయితే ఏ అక్క సంతకం కోసమూ తిరగనక్కర్లేదు.

ఇప్పుడు జమ్మలమడుగు తమ్ముడికి. నువ్వు చేద్దామనుకుంటున్నది సరిగ్గా తలకిందులుగా ఉంది తమ్ముడూ. స్థలం అమ్మి బిల్డింగ్ కొంటానంటున్నావు. మన దగ్గర కోటిన్నరలో సగానికి పైగా స్థలానిదే, ఆ సగం నీ దగ్గర ఆల్రెడీ ఉంది. క్యాలిక్యులేటర్ తీయ్. నీ స్థలంలో ఫ్లోరుకు 1,300 చదరపు అడుగులు, మూడు ఫ్లోర్లు, 3,900. అడుగుకు 1,800 ఖర్చు అనుకుంటే 70 లక్షలు. అవే ఆరు పోర్షన్లు, మిగిలేది అదే 32,500 అనుకో. నూటికి 46 పైసలు. సగం నీ డబ్బు, సగం లోను అయితే 35 లక్షలకు ఈఎంఐ సుమారు 30,400. బాడుగ ఈఎంఐని మోస్తుంది. ఇందులో నీకు జీతం రాదు, నెలకు రెండు వేలు మిగిలితే గొప్ప, కానీ బరువు నీ మీద లేదు. అదీ జమ్మలమడుగులో ఆ బాడుగ వస్తేనే. ప్రొద్దుటూరు రేటు అక్కడ పెట్టుకోవద్దు.

35 లక్షలు నీ దగ్గర లేవు, నాకు తెలుసు. మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్‌కు ఎక్కడుంటాయి? అందరూ చేసేదే చెయ్యి. మూడు ఫ్లోర్లకు ప్లాన్ అప్రూవల్, పునాది గట్టిగా, పిల్లర్లకు కమ్మీలు వదిలి, ముందు కింద రెండు పోర్షన్లు. కువైట్ పోయొచ్చిన మనోళ్ల ఇళ్లు చూడు, ఒక్కో ట్రిప్పుకు ఒక్కో ఫ్లోరు లేచింటాయి. వాళ్లు బిల్డింగ్ కట్టి ఉద్యోగం మానలేదు. ఉద్యోగం చేస్తా చేస్తా కట్టినారు. బేల్దారి మేస్త్రీతో మాత్రం అడుగు రేటులో ఏమేమి వస్తాయో రాయించుకో, లేదంటే కిటికీలు వేరే, మెట్లు వేరే అంటాడు.

మరి నువ్వెట్లా మానేశావన్నా అని అడుగుతావు. 2023లో, బిల్డింగ్ లేకుండానే. 14 నెలల ఖర్చు బ్యాంకులో వేసుకుని, నాయన ఇంట్లోనే ఉంటా. బాడుగ కట్టే పని లేకపోవడమే నాకొచ్చే బాడుగ. ఆ 14 నెలల్లో పదకొండో నెలకు ఈ వీడియోల మీద డబ్బులు మొదలైనాయి. రాకపోయింటే బెంగళూరు బస్సు ఎక్కేవాన్ని.

ఆ డ్రాఫ్ట్ డ్రాఫ్ట్‌లోనే ఉంచు. ఈ శనివారం ఊరికి పో. నాయనకు చెప్పు. మీ తాత డాక్యుమెంట్ ఇంట్లో యాడుందో అడిగి తీసుకుని, సోమవారం ఒక్క రోజు లీవు పెట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించు. మీ మేనత్తలు ఎంతమంది, ఎవరి సంతకాలు ఉన్నాయి, అది చూసి నాకు మెసేజ్ పెట్టు. అప్పుడు మాట్లాడుకుందాం.