పల్లె బడి, పంతులుగారు

(శతాబ్ది ఉత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన తెలుగు సంఘముల చరిత్రను తలంచినప్పుడు, 1912 డిసెంబరు 29న కలకత్తాలో డోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారిని మొదట జ్ఞాపకము చేసికొందుము. అయితే ఊరూర పనిచేసిన పంతుళ్లను అంతగా తలంచము. వారు పగలు పిల్లలకు అక్షరములు దిద్దించిరి. చీకటి పడిన తరువాత కూలినుండి వచ్చిన పెద్దలకు ప్రార్థన నేర్పిరి. పేటలోనే కాపురముండిరి గనుక ఏ పిల్లవాడు మేకల వెంట పోయెనో వారికి తెలియును.

2003లో పరిశోధకులు మన దేశపు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను ముందు చెప్పకుండ దర్శించగా, ప్రతి నలుగురు ఉపాధ్యాయులలో ఒకరు బడిలో లేరు. దీనిని పట్టుకొని ఉపాధ్యాయులందరిని నిందించుట న్యాయము కాదు. ఒక్కరే మూడు తరగతులు చెప్పవలసిన బడులు ఎన్నో కలవు. ఆపైన ఎన్నికల పని, జనాభా లెక్కలు!

బడికి వచ్చినంత మాత్రమున పిల్లవానికి చదువు వచ్చునా? 2022 అసర్ సర్వేలో, గ్రామములలోని మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠము చదువగలిగినవారు నూటికి ఇంచుమించు 20 మందే. కొందరు పాఠమంతయు గడగడ అప్పగింతురు; పుస్తకము తలక్రిందులుగా పట్టుకొన్నను అదే వేగము. వేరొక పుట తీసి “కొమ్మ” అను మాట చూపినయెడల మౌనము.

ఒక లెక్క చూడుడి. 42లోనుండి 17 తీసివేయమనగా పిల్లవాడు 35 అని వ్రాయును. ఒక పంతులు తప్పు గీత పెట్టి పలక తిరిగి ఇచ్చును. మరియొకరు “ఎట్లు చేసితివిరా?” అని అడుగును. వాడు 7లోనుండి 2, 4లోనుండి 1 తీసితినని చెప్పును. వాడు సోమరి కాడు, పెద్ద అంకెలోనుండి చిన్నది తీయుటయే తీసివేత అనుకొన్నాడు. పది చింతగింజల కుప్పను విప్పి చూపిన చాలును. ఈ ప్రశ్నకు పట్టు సమయము రెండు నిమిషములే గాని, అడుగువారు లేక ఎందరో అయిదవ తరగతితో బడి మానుచున్నారు. ఇంట లంబాడీయో కోయయో మాటలాడు బిడ్డకు ఇది మరింత కష్టము. ఆ భాషలో నాలుగు మాటలు నేర్చుకొన్న పంతులమ్మ వద్ద వాడు నోరు విప్పును.

వెనుక వరుసలో కూర్చుండువారు చాలమట్టుకు మన పిల్లలే. గనుక మన గుడి వరండాను సాయంకాలము ఒక గంట తెరచి ఉంచెదము. చదువుకొన్న యౌవనులు ఇద్దరు చొప్పున రావలెను. బెత్తము తేవద్దు, చింతగింజలు తెండి.